ముందు గది, తర్వాతే స్పీకర్లు
మా రూంలో ఆరుగురం. తలా కొంత వేసుకుని 5.1 హోం థియేటర్ కొందామనుకున్నాం. కానీ టైల్స్ నేల, బోసి గోడలు. ఉన్న టీవీ మాటలే గింగురుమని సగం అర్థం కావు.

ఈ బాధ పాతదే. 1895లో అమెరికాలోని హార్వర్డ్‌లో కొత్త లెక్చర్ హాలు తెరిస్తే, అన్న మాట ఐదున్నర సెకన్లు మోగేదట. వాలెస్ సబీన్ అనే ఫిజిక్స్ మాస్టారు రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి సీటు మెత్తలు మోయించి, ఆర్గన్ గొట్టం మోగించి, మోత ఎంతసేపుందో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. ఆ లెక్కతోనే 1900 నాటికి బోస్టన్ సింఫనీ హాల్ కట్టారు.

మేమూ గోడలకు మందపాటి దుప్పట్లు కట్టి చూశాం. మాట తేటపడింది. రెండు స్పీకర్లే తెచ్చాం. సబ్‌వూఫర్ వద్దనుకున్నాం, ఆ దరువును దుప్పట్లు ఆపవు, పక్క రూంలో నైట్ డ్యూటీ వాళ్లు పడుకుంటారు. మిగిలిన డబ్బులు ఇళ్లకు పంపుకున్నాం.

కొనేముందు మీ రూంలో ఒకసారి చప్పట్లు కొట్టి వినండి అన్నలూ.