ఆడపడుచు వాటా – శాసనవిద్య

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము – ఈ మూడు పట్టణములును నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ధర్మవరము పట్టుచీర నేతలో పురుషుడు మగ్గముమీద కూర్చుండగా, కండెలు చుట్టు పని ఇంటి స్త్రీలు చూచుకొందురు. హిందూపురము వైపు పట్టుపురుగుల పెంపకములోను, పెనుకొండ మెట్టచేలలో వేరుసెనగ సేద్యములోను వారి శ్రమ తక్కువ కాదు. అయినను పిత్రార్జితము పంచునాడు వాటాలు కుమారులకే పడెడివి.

దీనికి మూలము మితాక్షర. విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన ఈ వ్యాఖ్యను న్యాయస్థానము లనుసరించిన రీతిలో, ఉమ్మడి ఆస్తియందు పుట్టుకతోడనే హక్కు కొడుకునకు గలదు, కూతురునకు లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి వాటాలో కూతురునకు భాగము నిచ్చినదే కాని, జన్మహక్కు నీయలేదు.

ఆ లోటు తీర్చు యత్నమున హిందూపురము పేరు చేరియున్నది. 1985 ఎన్నికలలో నందమూరి తారక రామారావుగారు మూడు స్థానములందు గెలిచి, హిందూపురమును నిలుపుకొనిరి. ముఖ్యమంత్రిగా వారి పాలనలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అమలయ్యెను. కేరళము 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసినది; ఆ పద్ధతి నుంచుచు కూతురును కొడుకుతో సమానముగా పుట్టుకతోడనే హక్కుదారుగా చేసిన మొదటి రాష్ట్రము మనదే. తరువాత తమిళనాడు, కర్ణాటకము, మహారాష్ట్రము ఆ మార్గమునే త్రొక్కినవి.

కాని ఆ చట్టములో ఒక నిబంధన యుండెను: అమలునకు ముందే వివాహమైన కూతురునకు ఇది వర్తింపదు. ధర్మవరములో ఒక నేతయింట ఇద్దరాడపిల్లలనుకొందము. పెద్దది 1985 మే నెలలో అత్తవారింటికి వెళ్లినది. చిన్నదాని పెండ్లి మరుసటి యేడు. చెల్లెలు అన్నదమ్ములతో సమముగా హక్కుదారు. అదే యింట కండెలు చుట్టి పెరిగిన అక్కకు ఆ హక్కు లేదు. 2000లో జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డిగారి అధ్యక్షతన లా కమిషను ఈ రాష్ట్ర చట్టములను పరిశీలించి నివేదిక సమర్పించెను. 2005 సెప్టెంబరు 9న అమలునకు వచ్చిన కేంద్ర సవరణతో పెండ్లి తేదీ అడ్డు తొలగెను. ఇరువదేండ్లు అక్కచెల్లెండ్రను వేరుచేసినది ఒక్క వాక్యము!

బిల్లు చర్చకు వచ్చునాడే ఇట్టి వాక్యమును పట్టుకొని, దీనివలన ఎవరికి నష్టమని అడుగువారు సభ్యుని ప్రక్కన ఉండవలదా? ఈ అవసరమునుండియే శాసన ఫెలోషిప్పులు పుట్టినవి. అమెరికాలో 1980లోనే, స్త్రీల సమస్యలయందు ఆసక్తిగల స్నాతకోత్తర విద్యార్థులను కాంగ్రెసు కార్యాలయములకు పంపు ఏర్పాటు మొదలయ్యెను. మన దేశమున 2010లో పి. ఆర్. ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ ల్యాంప్ అను ఫెలోషిప్పును ప్రారంభించినది. పట్టభద్రులైన యువతీయువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని యొద్ద చేరి, ప్రశ్నలకు, బిల్లులపై చర్చలకు, స్థాయీ సంఘముల పనికి కావలసిన విషయమును సేకరింతురు. ఇది స్త్రీల సమస్యలకే ప్రత్యేకించినది కాదు. కాని వానిని చదివినవారికి అక్కడ పని కొదువ లేదు.

ఏలయన, చట్టము మారినంతమాత్రమున కథ ముగియలేదు. పుట్టింటి రాకపోకలు తెగునను భయముతో హక్కు విడుదల పత్రముపై సంతకము చేయు ఆడపడుచులు ఇప్పటికిని కలరు. ఆ సంతకము ఇష్టముతో చేసినదా, మొగమాటముతో చేసినదా? దానిని చట్టమెట్లు తెలిసికొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథములలో మాత్రమే దొరకదు. రిజిస్ట్రారు కచేరి వసారాలో నిలిచి చూచినవారికి తెలియును. అనంతపురము, తిరుపతి విశ్వవిద్యాలయములలో చదువు మన సీమ బాలికలు ఈ అనుభవమును శాసనసభలవరకు మోసికొని పోవలెను. చట్టము వ్రాయుచోట కండె చుట్టిన చేతి శ్రమ నెఱిగినవారు ఒక్కరైన నున్నచో, తరువాతి బిల్లులో అక్కను మరచిపోరు.