విద్యాకృషికి వెల: అబ్బాసీ యుగపు మూడు ఒప్పందాలు

కూలి విషయమై మనకు చేరిన హదీసులలో ఒకటి అందరి నోటా ఉంది. పని చేసినవానికి కూలి చెల్లించడంలో జాప్యం చేయరాదన్నది దాని సారాంశం. మరొకటి అంత ప్రచారంలో లేదు. కూలి ఎంతో స్పష్టం చేయకుండా ఎవరినీ పనికి కుదుర్చుకోరాదని దైవప్రవక్త (స) వారించినట్లు హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ద్వారా వచ్చిన ఉల్లేఖనం అది. మొదటిది పని ముగిసిన తరువాతి మాట, రెండవది పని మొదలు కాకముందటి మాట. మొదటి దానిపై మన మస్జిదులలో ఉపన్యాసాలు జరుగుతూనే ఉంటాయి. రెండవ దాని దగ్గరికి వచ్చేసరికి ఇరుపక్షాలకూ బిడియం అడ్డం వస్తుంది. అందులోనూ పని చదువుకు, ధర్మానికి సంబంధించినదైతే ఆ బిడియం మరీ ఎక్కువ. గ్రంథం అనువదించమని కోరేవారు పుణ్యం సంగతి ముందుగా చెబుతారు. పైకం సంగతి పని సగం అయ్యేదాకా ఎవరూ ఎత్తరు.

మన పూర్వులు ఈ విషయంలో ఇంత మొహమాటపడలేదు. విద్యాసంబంధమైన పనికి వెల ఎలా కట్టాలి, ఏ కొలతతో కట్టాలి అన్న ప్రశ్న అబ్బాసీ యుగంలో బహిరంగంగా చర్చకు వచ్చింది. చరిత్రకారులు నమోదు చేసిన మూడు సందర్భాలను ఇక్కడ పరిశీలిద్దాం.

మొదటిది ఆకు లెక్క. కాగితం వాడుకలోకి వచ్చిన తరువాత బాగ్దాదులో వర్రాఖులనే వృత్తివర్గం ఏర్పడింది. గ్రంథాలకు ప్రతులు రాయడం, అమ్మడం వారి పని. హిజ్రీ మూడవ శతాబ్దపు భూగోళవేత్త యాఖూబీ ఆ నగరంలో ఒక్కచోటనే నూరుకు పైగా వర్రాఖుల అంగళ్లు ఉండేవని రాశాడు. పోటీకి కొదవలేదన్నమాట. కూఫా వ్యాకరణ పండితుడు అల్ ఫర్రా (మరణం హి. 207, క్రీ.శ. 822) ఖుర్ఆన్ అర్థవివరణపై ‘మఆనిల్ ఖుర్ఆన్’ గ్రంథాన్ని సభలో చెప్పి రాయించినప్పుడు జరిగిన సంగతిని ఖతీబ్ బాగ్దాదీ తన చరిత్రలో ఉల్లేఖించాడు. సభలో కూర్చుని రాసుకున్న వర్రాఖులు ఆ గ్రంథాన్ని తమ వద్దనే దాచి ఉంచారు. దిర్హముకు 5 ఆకుల చొప్పున తప్ప రాసివ్వమన్నారు. ప్రజలు అల్ ఫర్రాతో మొర పెట్టుకున్నారు. ఆయన వర్రాఖులను పిలిచి, మీకూ లాభం, వారికీ లాభం కలిగేలా ధర తగ్గించండన్నాడు. మీ సభలో ఇన్నాళ్లు కూర్చున్నది ప్రయోజనం పొందడానికే కదా అని వారు ఒప్పుకోలేదు. అప్పుడాయన ఇంతకంటె విస్తారమైన మరో గ్రంథం చెబుతానని ప్రకటించి, ఒక్క సూరా ఫాతిహా మీదనే 100 ఆకులు రాయించాడు. వర్రాఖులు దిగివచ్చారు. దిర్హముకు 10 ఆకులు ఖాయమైంది.

ఈ కథను వర్రాఖుల దురాశకు ఉదాహరణగా చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. వారి వాదనలో బలముంది. సభలో గడిపిన రోజులకు వారికి ఎవరూ కూలి ఇవ్వలేదు. ఆ శ్రమను కూడా ఆకుల ధరలోనే రాబట్టుకోవాలి. వారి తప్పు ధర అడగడంలో లేదు, సరుకును బిగపట్టి పోటీకి అవకాశం లేకుండా చేయడంలో ఉంది. అల్ ఫర్రా కూడా పాలకుల వద్దకు వెళ్లి ధర కట్టించలేదు. మొదట నచ్చజెప్పాడు, వినకపోతే బిగపట్టిన సరుకుకు విలువ లేకుండా చేశాడు. అయితే ఈ బేరంలో ఒక ధర అసలు ప్రస్తావనకే రాలేదు, గ్రంథకర్తకు దక్కవలసినది. ఆకుకు ఇంత అన్న లెక్కలో రాసే చేతికి చోటుంది, ఆలోచించిన బుర్రకు చోటు లేదు. అల్ ఫర్రా ఖలీఫా మామూన్ కుమారులకు చదువు చెప్పిన పండితుడు. ఆయనకు ఆదరువు దర్బారు నుంచి లభించింది గాని గ్రంథం నుంచి కాదు.

రెండవ సందర్భం అనువాదకులది. ఇందులో తూకం లెక్క, నెల లెక్క రెండూ కనబడతాయి. హీరా నగరానికి చెందిన క్రైస్తవ వైద్యుడు హునైన్ ఇబ్న్ ఇస్హాఖ్ (క్రీ.శ. 809–873) గ్రీకు గ్రంథాలను సిర్యానీ, అరబీ భాషలలోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. మామూన్ ఆయన అనువాదాలకు ఎత్తు బంగారం తూచి ఇచ్చాడన్న మాట మనమంతా విన్నదే. ఈ మాట చెప్పిన ఇబ్న్ అబీ ఉసైబియా హునైన్ తరువాత నాలుగు శతాబ్దాలకు రాసినవాడు. పైగా మామూన్ మరణించేనాటికి (క్రీ.శ. 833) హునైన్‌కు ఇరవై నాలుగేళ్లే. కనుక బంగారం మాటను కొంత తగ్గించుకుని వినాలి. కాని అదే చరిత్రకారుడు తాను కళ్లారా చూసిన సంగతి ఒకటి రాశాడు. హునైన్ లేఖకుడు అల్ అజ్రఖ్ చేతి ప్రతులు కొన్ని ఆయనకు దొరికాయి. పెద్ద పెద్ద అక్షరాలు, ఎడమెడంగా పంక్తులు, తన కాలపు కాగితానికి అనేక రెట్లు మందమైన ఆకులు. ప్రతిఫలం దిర్హముల తూకంలో ముట్టేది కనుక బరువు పెంచడానికే ఇలా చేశారని ఆయన అభిప్రాయం. ఆ మందం వల్లనే అవి అంతకాలం నిలిచాయని కూడా అన్నాడు.

కొలత తూకమైతే కాగితం మందమవుతుంది. పనివాని నీతిని శంకించే ముందు కొలత పెట్టినవాని వివేకాన్ని ప్రశ్నించాలి.

దీనికి భిన్నమైన ఒప్పందం బనూ మూసా సోదరులది. ఖగోళ, యంత్ర శాస్త్రాలలో పేరుపొందిన ఈ ముగ్గురు సోదరులు హునైన్, ఆయన మేనల్లుడు హుబైష్, హర్రాన్‌కు చెందిన సాబిత్ ఇబ్న్ ఖుర్రా మొదలైన అనువాదకుల బృందానికి నెలకు సుమారు 500 దీనార్లు ఇచ్చేవారని ఇబ్న్ అన్నదీమ్ ‘ఫిహ్రిస్త్’లో రాశాడు. అనువాదానికీ, పూర్తి కాలం ఆ పనిలోనే ఉండటానికీ కలిపి ఇచ్చిన జీతమది. దీనారు సుమారు 4.25 గ్రాముల బంగారం. అంటే నెలకు 2 కిలోలకు మించిన బంగారం.

ఈ సొమ్ముకు ఫలితమేమిటో హునైన్ తన అనువాదాల గురించి రాసిన లేఖలో కనిపిస్తుంది. జాలీనూస్ వైద్యగ్రంథాలను సుమారు 129 వరకు పేర్కొని, దేనిని ఎవరు, ఎవరికోసం అనువదించారో అందులో చెప్పాడు. దొరికిన గ్రీకు ప్రతులన్నీ సరిపోల్చి, శుద్ధపాఠం సిద్ధం చేసుకున్న తరువాతనే అనువాదానికి పూనుకోవడం ఆయన పద్ధతి. యౌవనంలో లోపభూయిష్ఠమైన ప్రతి నుంచి చేసిన అనువాదాన్ని నలభయ్యో ఏట మళ్లీ సరిదిద్దాడు. జాలీనూస్ రాసిన ‘కితాబుల్ బుర్హాన్’ కోసం జజీరా, షామ్, ఫలస్తీన్, మిస్ర్ దేశాలు తిరిగి ఇస్కందరియా దాకా వెళ్లాడు. చివరకు దమిష్ఖులో సుమారు సగం మాత్రమే దొరికింది. ఆకు లెక్కన చూస్తే ఈ ప్రయాణమంతటికీ కూలి సున్న. తూకం లెక్కనా అంతే.

మూడవది ఖాయమైన వెల. కాంతిశాస్త్రంలో సుప్రసిద్ధుడైన ఇబ్నుల్ హైసమ్ (మరణం సుమారు క్రీ.శ. 1040) ఖాహిరాలో అల్ అజ్హర్ మస్జిదు వద్ద నివసిస్తూ, ఏటా ఉఖ్లీదస్ గ్రంథం, ‘ముతవస్సితాత్’, ‘మజిస్తీ’ – ఈ మూడింటికీ ప్రతులు రాసేవాడని ఇబ్నుల్ ఖిఫ్తీ తెలిపాడు. వాటి వెల 150 మిస్రీ దీనార్లు. అదే ఆయనకు ఏడాది భృతి. ఆ వెల స్థిరపడిపోయిందనీ, దానిపై బేరసారాలు జరిగేవి కావనీ చరిత్రకారుడు ప్రత్యేకంగా రాశాడు. ప్రతులు రాసేవారు ఎందరో ఉన్న కాలంలో బేరం లేకుండా ఎలా చెల్లింది? గణితగ్రంథంలో ఒక్క రేఖ, ఒక్క అక్షరం తప్పితే సిద్ధాంతమే చెడిపోతుంది. ఆ శాస్త్రం తెలిసిన పండితుడు స్వయంగా రాసిన ప్రతికి సాటి సరుకు అంగట్లో లేదు. సాటి లేని చోట పోటీ ధర వర్తించదు.

మన ఫిఖ్హ్ ఈ భేదాలను ఎరుగును. తన కాలాన్ని ఒకరికే అప్పగించినవాడు అజీరె ఖాస్. అతడు పనికి సిద్ధంగా హాజరైతే చాలు, కూలికి హక్కుదారుడు. దర్జీ వలె, రంగులు అద్దేవాని వలె పలువురికి పని చేసేవాడు అజీరె ముష్తరక్. పని పూర్తిచేస్తేనే అతని కూలి. రెండింటిలోనూ పని, కూలి ముందే తెలిసి ఉండాలి. కూలి చెప్పకుండా చేసుకున్న ఒప్పందం ఫాసిద్. అయినా పనివాని శ్రమ వృథా పోదు. అజ్రె మిస్ల్, అనగా అలాంటి పనికి అతని సాటివారికి ముట్టే కూలి, ఇచ్చుకోవలసిందే. సూరా ఖసస్‌లో మద్యన్ వృద్ధుడు హజ్రత్ మూసా (అలై)తో చేసుకున్న ఒప్పందం చూడండి. ఎనిమిదేళ్లు విధి, పది పూర్తిచేస్తే అది ఆయన ఇష్టం. విధి ఎంత, ఔదార్యం ఎంత అన్నది పనికి ముందే విడదీసి చెప్పారు.

ధార్మిక విద్యకు ప్రతిఫలం తగదన్న అభ్యంతరమూ ఉంది. పూర్వపు హనఫీ ధర్మవేత్తలు ఖుర్ఆన్ బోధనకు కూలిని అంగీకరించలేదు. కాని ‘హిదాయా’ కర్త మర్గీనానీ (మరణం హి. 593) కాలానికే, ధార్మిక విషయాలలో అలసత్వం ప్రబలినందున లేకపోతే విద్యే నశిస్తుందని కొందరు మషాయిఖ్ దానిని అనుమతించారు. పుణ్యం పేరిట పనివానిని పస్తు పెట్టడం వారి ఉద్దేశం కాదు.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో దారుల్ తర్జుమా ఏర్పడినప్పుడు అనువాదకులను ఉద్యోగులుగా నియమించుకున్నారు. శాస్త్ర పరిభాష కల్పనకు వేరే సంఘాన్ని కూర్చోబెట్టారు. ఒక్క పదం కోసం పండితులు పూటంతా వాదించుకున్నా అది పుటల లెక్కకు రాదు. బనూ మూసా గ్రహించిన సంగతే ఇది.

ఇప్పుడు మన ప్రచురణ సంస్థలు అనువాదకునితో మాట్లాడేటప్పుడు సాధారణంగా పుటకింత అని చెబుతాయి. తక్కువకు చేసేవారు మరొకరున్నారని కూడా చెబుతాయి. పుట లెక్క తప్పేమీ కాదు. కాని మూలప్రతి పోల్చడం, హదీసు సరిచూడటం, అచ్చుతప్పులు దిద్దడం ఆ లెక్కలో ఉన్నాయా లేవా అన్నది ముందే తేలాలి. ఉంటే రేటు అందుకు తగినట్లుండాలి. లేకుంటే వాటికి వేరే ఏర్పాటు ఉండాలి. సేవగా చేయదలచినవాడు ఎంత భాగం సేవో స్వయంగా చెప్పాలి, ఆ భాగాన్ని అతని తరపున మరొకరు నిర్ణయించకూడదు. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టడానికి అరగంట చాలు. ఆ అరగంట బిడియపడితే నష్టం అనువాదకునితో ఆగదు. సరిచూడని హదీసును నమ్మి చదివే పాఠకుని దాకా పోతుంది.