ది కింక్స్ 1960వ దశకపు సంగీత శైలి

ది కింక్స్ ఉత్తర లండనులోని మస్వెల్ హిల్ ప్రాంతానికి చెందిన సుప్రసిద్ధ రాక్ సంగీత బృందము. గాయకుడు, గీత రచయిత రే డేవీస్, అతని తమ్ముడు గిటారిస్టు డేవ్ డేవీస్, బేస్ గిటారిస్టు పీట్ క్వైఫ్, డ్రమ్మరు మిక్ ఏవరీ తొలినాటి సభ్యులు. ఈ బృందము 1996 వరకు కొనసాగినది. వీరి 1960వ దశకపు ధ్వనికి మూలములేవి, అందులో ఎవరి పాత్ర ఎంత అనే విషయములపై అభిమానులలో దీర్ఘకాలముగా చర్చ జరుగుచున్నది.

గిటారు ధ్వని

మొదటి రెండు రికార్డులు విఫలమైన తరువాత 1964 ఆగష్టులో విడుదలైన "యూ రియల్లీ గాట్ మి" బ్రిటనులో ప్రథమ స్థానము పొందినది. దీని గరగరలాడే గిటారు ధ్వని అప్పటికి కొత్తది. డేవ్ ఒక చిన్న ఆంప్లిఫయరు స్పీకరులోని కాగితపు కోనును బ్లేడుతో కోసి, దానిని పెద్ద ఆంప్లిఫయరుకు కలిపి ఈ ధ్వనిని సాధించాడు. చిరిగిన కాగితము కంపించుట వలన స్వరము బొంగురుగా వినిపించును. హార్డ్ రాక్, హెవీ మెటల్ శైలులకు ఈ పాట మార్గదర్శిగా భావించబడుతున్నది.

సోలో వివాదము

ఈ పాటలోని గిటారు సోలోను, తరువాత లెడ్ జెప్పెలిన్ బృందమును స్థాపించిన జిమ్మీ పేజ్ వాయించాడని ఒక ప్రచారము కలదు. నిర్మాత షెల్ టాల్మీ స్టూడియో కళాకారులను తరచుగా ఉపయోగించుట దీనికి ఒక కారణము. ఈ పాటకు డ్రమ్స్ వాయించినది కూడా ఏవరీ కాదు, స్టూడియో కళాకారుడు బాబీ గ్రాహం. అయితే సోలో తనది కాదని పేజ్, అది డేవ్ వాయించినదేనని టాల్మీ స్పష్టము చేశారు. అప్పటికి డేవ్ వయస్సు 17 సంవత్సరములు మాత్రమే. తన ముఖ్యమైన కృషి మరొకరి పేర చెలామణి కావడముపై అతడు పలుమార్లు ఆవేదన వ్యక్తము చేశాడు.

భారతీయ ప్రభావము

1965 జనవరిలో ఆస్ట్రేలియా వెళ్ళుచూ బృందము బొంబాయిలో ఆగినది. అక్కడ ఉదయము సముద్రతీరమున జాలరులు పాడుకొనుచుండగా విన్న పాట రేను ఆకర్షించినది. ఆ ప్రేరణతో వచ్చిన "సీ మై ఫ్రెండ్స్" అదే సంవత్సరము జులైలో విడుదలైనది. ఇందులో సితారు లేదు. తంబురా శ్రుతి వలె నిరంతరాయముగా మ్రోగే స్వరమును గిటారుతోనే పలికించారు.

బ్రిటిష్ పాప్ సంగీతములో భారతీయ ధ్వనికి ఆద్యులెవరన్నది మరొక చర్చ. యార్డ్‌బర్డ్స్ వారి "హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్" 1965 జూన్‌లోనే వచ్చినది. అందులో జెఫ్ బెక్ సితారు ధ్వనిని గిటారుపై అనుకరించాడు. సితారునే ఉపయోగించిన బీటిల్స్ వారి "నార్వేజియన్ వుడ్" డిసెంబరులో వచ్చినది. కావున వాద్యమును ప్రమాణముగా తీసుకొనువారు బీటిల్స్‌ను, విడుదల తేదీని చూచువారు యార్డ్‌బర్డ్స్‌ను, పాట మొత్తము శ్రుతిపై నడుచుటను గమనించువారు కింక్స్‌ను సమర్థించుదురు.

ఆంగ్ల జీవన చిత్రణ

1965 పర్యటన అనంతరము అమెరికా సంగీతకారుల సంఘము 1969 వరకు వీరికి అక్కడ ప్రదర్శనలకు అనుమతి నిరాకరించినది. ఈ నిషేధము వల్లనే రే ఆంగ్ల జీవితమును ఇతివృత్తముగా గ్రహించాడని కొందరి అభిప్రాయము. డేవీస్ కుటుంబము ఇంటిలో పియానో చుట్టూ చేరి పాడుకొనే మ్యూజిక్ హాల్ పాటలే అసలు మూలమని మరికొందరి వాదన. "వాటర్లూ సన్‌సెట్" (1967) బ్రిటనులో ద్వితీయ స్థానము పొందగా, "ది విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ" (1968) ఆల్బము మాత్రము అప్పట్లో ఆదరణకు నోచుకోలేదు. నేడు అది వీరి ఉత్తమ కృతులలో ఒకటిగా పరిగణించబడుచున్నది.

ప్రభావము

ది హూ బృందపు "ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్" (1965) కింక్స్ శైలిని అనుసరించి రూపొందినది. 1978లో వాన్ హేలెన్ "యూ రియల్లీ గాట్ మి"ని, ది జామ్ "డేవిడ్ వాట్స్"ను తిరిగి పాడారు. మొదటిది కింక్స్ వారి కఠోరమైన గిటారు పాట కాగా, రెండవది వారి ఆంగ్ల జీవన చిత్రణకు చెందినది. 1990లో ఈ బృందమునకు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానము లభించినది.