తుప్పు వదిలించబోయి...

మొన్న దసరాకి ఊరెళ్ళా. సిద్దిపేట దగ్గర మా పాత ఇంటి మట్టిగోడలు కూలగొట్టిస్తున్నాడు మా పెద్దబాపు. వెనక గోడ పడుతుంటే అందులోంచి గడ్డపారంత పొడుగు ఇనప గొట్టం ఒకటి బయటపడింది. వెనక కట్టె చెదలు తినేసింది. కింద మీటా, పైన సుత్తిలా కొట్టే ముక్కా తుప్పుతో ఏకమై బిగుసుకుపోయాయి.

"భర్మార్ రా ఇది" అన్నాడు పెద్దబాపు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, సీసం రవ్వలు వేసి, కడ్డీతో దట్టించి, వెనక చిన్న టోపీ పెట్టి పేల్చే నాటు తుపాకీ.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఆగిపోయింది కనపడితే నడిపించేదాకా నిద్ర పట్టదు. పక్కనున్న వెల్డింగ్ షాపులో వైరు బ్రష్షు అడిగి తెచ్చా, ఓ సీసాడు కిరోసిన్ తెచ్చా, మొదలెట్టా. ఓ నాలుగంగుళాలు రుద్దేసరికి పెద్దబాపు కేకేశాడు. "ఆగురా! లోపల మందున్నదో లేదో సూసినవా?"

సిగ్గేసింది. నల్లమందు పొడిగా ఉంటే ఎన్నేళ్ళయినా చావదు. దట్టించి వదిలేసిన తుపాకీని వేడి చేసినా, దానికి నిప్పురవ్వ తగిలినా పేలొచ్చు. మూతికి ఎదురుగా నిలబడకుండా, సన్నటి కర్ర ఒకటి పక్కనుంచి లోపలికి పెట్టి, ఎంత దిగిందో బయట గొట్టం మీద కొలిచి చూశాం. చివరిదాకా దిగింది, ఖాళీ. బతికాం అనుకున్నా.

అసలు ఇంతలా ఎందుకు బిగుసుకుంటాయంటే, ఇనుము తుప్పుగా మారితే రెండు మూడు రెట్ల పైనే చోటు ఆక్రమిస్తుంది. సందుల్లో ఉబ్బి ఎక్కడివక్కడ బిగించేస్తుంది. పైగా నల్లమందు కాలాక మిగిలే మసి గాల్లో తేమని లాగుతుంది. టోపీల మందులో పొటాషియం క్లోరేటు ఉంటే మిగిలేది ఉప్పులాంటిదే. అందుకే ఇలాంటి తుపాకీ పేల్చాక గొట్టాన్ని వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి నూనె రాయాలి. కడగకుండా దాచారంటే దానికి చావే.

వదిలించే మార్గాలూ ఉన్నాయి. నిమ్మరసం, చింతపండు లాంటి పులుపు తుప్పుతో పాటు మంచి ఇనుమునీ తింటుంది. చాకలిసోడా నీళ్ళలో ముంచి బ్యాటరీ కరెంటు పెడితే తుప్పు ఊడొస్తుంది. కరక్కాయలో ఉండే టానిన్ అయితే తుప్పుని నల్లటి పొరగా మార్చి ఆపుతుంది, మ్యూజియాల వాళ్ళు కూడా టానిక్ ఆమ్లం వాడతారు. కానీ వాళ్ళు ముందు వేసుకునే ప్రశ్న వేరు. అసలు తియ్యాలా అని. ఆ ప్రశ్న నేను వేసుకోలేదు.

బ్రష్షు పక్కన పెట్టాక వెలుతురులో తిప్పి చూస్తే, నేను రుద్దని చోట తుప్పు మీద సన్నటి గళ్ళు కనపడ్డాయి. నేత! ముతక గుడ్డ ఏదో చుట్టి గోడలో పెట్టారు. గుడ్డ ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, దాని పోగుల అచ్చు మాత్రం తుప్పులో మిగిలింది. నేను రుద్దిన నాలుగంగుళాల్లో అది లేదు.

ఎవరు చుట్టారు? "మా బాపు రజాకార్ల మీద పేల్చిండంటరు" అన్నాడు పెద్దబాపు. పేల్చాడో లేదో తుప్పు చెప్పదు. కానీ మా జిల్లాలో అది జరగని పని కాదు.

బైరాన్‌పల్లి పేరు వినే ఉంటారు. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మాదే. ఊరి నడుమ బురుజు మీద కాపలా పెట్టి, వడిసెలలతో, ఇలాంటి నాటు తుపాకులతో రజాకార్లని ఒకటికి రెండుసార్లు తరిమికొట్టారు. చివరికి 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం బలగాల్ని వెంటేసుకుని వచ్చారు. బురుజు పడ్డాక దొరికినవాళ్ళని వరసగా నిలబెట్టి కాల్చారు. 118 మంది అన్నది ఎక్కువగా వినపడే లెక్క. భర్మార్‌తో ఒకసారి పేల్చి మళ్ళీ దట్టించుకునేలోపు ఎదుటివాడి రైఫిల్ ఎన్ని గుళ్ళు కక్కుతుందో ఆలోచించండి. ఆ బురుజు ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడండి.

సరిగ్గా మూడు వారాలకి, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. ఇక్కడితో కథ అయిపోతే ఈ తుపాకీ గోడలో ఎందుకుంటుంది? ఇంట్లో గూటికి తగిలించేవాళ్ళు కదా!

అయిపోలేదు. కొత్త ప్రభుత్వం ఆయుధాలు అప్పగించమంది. పారిపోయిన దొరలు తిరిగొచ్చారు, పంచుకున్న భూములు మళ్ళీ అడిగారు. ఈసారి సైన్యం కమ్యూనిస్టుల వెంట పడింది. 1951 అక్టోబరు 21న పార్టీ పోరాటం విరమించేదాకా మూడేళ్ళు నడిచింది. మొత్తం పోరాటంలో చనిపోయింది నాలుగు వేల మంది దాకా అని పార్టీ లెక్క. ఇంట్లో తుపాకీ దొరికితే ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. పారెయ్యడానికి మనసొప్పక, అప్పగించడానికి ధైర్యం చాలక, గుడ్డలో చుట్టి గోడలో పెట్టి పైన మట్టి మెత్తి ఉంటారు.

ఏటా సెప్టెంబరు 17 వస్తే విమోచనమా, విలీనమా, విద్రోహమా అని టీవీల్లో కొట్టుకుంటాం. నాకైతే ఆ మూడు మాటల కంటే ఈ తుప్పే ఎక్కువ చెప్పింది. పేల్చిన రోజుల గురించి కాదు, దాచిన రోజుల గురించి.

లాయరు మిత్రుడికి ఫోన్ చేస్తే వాడు వేరే సంగతి చెప్పాడు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, పాతబడిపోయి, రిపేరు చేసినా పేలని స్థితిలో ఉన్న ఆయుధానికి మినహాయింపు ఉంది. "రిపేరు చేసినా" అన్న ముక్క గమనించండి. "తుప్పే నీ లైసెన్సురా. అది వదిలించి ట్రిగ్గర్ కదిలించావనుకో, నువ్వే తుపాకీ తయారుచేసినట్టు" అన్నాడు. పేలుతుందో లేదో తేల్చాల్సింది మనం కాదు కూడా.

మర్నాడు ఠాణాకి వెళ్ళి రాసిచ్చాం. వాళ్ళొచ్చి పంచనామా చేసి తీసుకెళ్ళారు. తిరిగొస్తుందన్న ఆశ పెద్దగా లేదు. పోయేముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకున్నా. పోగుల అచ్చు బాగానే పడింది. దాని పక్కన నేను రుద్దిన నాలుగంగుళాలు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. ఆ ఫోటో చూసినప్పుడల్లా చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

మీ ఇళ్ళల్లో అటకల మీద ఇలాంటివేమైనా ఉంటే బ్రష్షు పట్టుకోకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళుండగానే.