ఆంగ్లభూములలో ఆంగ్లోపాధ్యాయ పదవులు

ఉదయగిరి, ఆత్మకూరు సీమలు చాలవఱకు మెట్టభూములు. వాన తప్పిన యేడు చదువే దిక్కని యెంచి మనవారు బిడ్డల నాంగ్లవిద్యకుఁ బంపిరి. తొలుత నాంగ్లమెఱిఁగినవారు కొలఁది. కావున నా విద్యకు వెల హెచ్చు. పిమ్మట నెల్లూరిమండలమునఁ జేరిన ఓగూరులో 1784లో జన్మించిన వెన్నెలకంటి సుబ్బారావుగారు ఆ భాషాబలముననే మదరాసు సదరు అదాలతులో భాషాంతరీకరణోద్యోగ మందిరి. వారాంగ్లమున వ్రాసికొనిన స్వీయచరిత్ర 1873లో ముద్రితమైనది.

ఆంగ్లమింటింట నున్నచోట మాత్రము కథ వేఱు. కుమ్మరివీధిలోఁ గుండలమ్మఁబోయిన నడుగువారెవరు? మన సర్వేపల్లి గ్రామము పేరు నింటిపేరుగాఁ గల రాధాకృష్ణపండితుని ఆక్సుఫర్డువారు 1936లోఁ బిలిచినది ప్రాచ్యమతములు, నీతిశాస్త్రము బోధించుటకు. ఇచటనుండి మరలిపోయిన బ్రౌనుదొర లండనులోఁ దెలుఁగునకే యాచార్యుఁడయ్యెను! వారికడ లేనిదానినే వారు కోరిరి.

2023లో ఇంగ్లండు ప్రభుత్వము తమ ఉపాధ్యాయార్హతాపత్రమునకు దరఖాస్తుచేయు నవకాశమును భారతీయోపాధ్యాయులకుఁ గల్పించినది. కాని గణితము, విజ్ఞానశాస్త్రము, విదేశభాషలు చెప్పువారికే ఆ ద్వారము తెఱవఁబడెను, ఆంగ్లమందుఁ జేరలేదు. బోధనార్హతయు ననుభవమునుగల ఆత్మకూరి గణితోపాధ్యాయుఁడు దరఖాస్తు పంపవచ్చును, ఆంగ్లమున ఎం.ఏ. పట్టముగల యాతని తమ్ముఁడు అచటి శిక్షణాది యితరమార్గములనే వెదకవలయును. పొలము కుదువపెట్టి పయనమగు యువకున కీ భేదము ముందుగాఁ దెలియుట లేదు. మన విద్యానిధుల దరఖాస్తులపై దీని నచ్చువేయించిన బాగుండును.