పడక ప్రక్కనుండి పుస్తకము దాక

ఆసుపత్రిలో ఎవరును తొంగిచూడని గది రికార్డుల గది. అచ్చట మందుల వాసన ఉండదు, పాత కాగితముల వాసన ఉండును. వార్డులో పదునైదేండ్లు పనిచేసిన నర్సు ఆ గదికి మారినదనగానే, "పాపము, నడుము పట్టినదేమో, కూర్చుండు పని ఇచ్చినారు" అని తోటివారు జాలిపడుదురు. ఆ మాటలో కొంత నిజము ఉండవచ్చును. కాని ఈ మార్పునకు నూటయరువది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. దాని కొస మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెల దాక వచ్చినది.

రోగుల సేవకు మారుపేరైన ఫ్లారెన్సు నైటింగేలు ఉద్యోగరీత్యా పడకల నడుమ గడపిన కాలము సుమారు మూడేండ్లే. 1854 నవంబరులో 38 మంది నర్సులతో ఆమె టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రి చేరెను. అచ్చటి మురుగు, ఇరుకు, చేతిదీపము అందరెరిగిన కథ. అంతగా తెలియనిది మరొకటి కలదు. చనిపోయిన సైనికుల లెక్కను అచ్చట మూడు వేర్వేరు పుస్తకములలో వ్రాయుచుండిరి. మూడింటి మొత్తములు మూడు విధములుగ ఉండెను. ఎందరు పోయిరో తేలనిచోట ఎందువలన పోయిరో ఎవరు చెప్పగలరు?

1856లో ఆమె స్వదేశము చేరెను. ఆరోగ్యము చెడెను. 1910లో మరణించువరకు ఆమె పనిముట్టు కలమే. విలియం ఫార్ అను గణాంకవేత్త తోడుగా లెక్కలు సరిచూడగా, సైనికులలో అధికసంఖ్యాకులు గాయములచే గాక, నివారింపదగిన రోగములచే మరణించిరని తేలెను. 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు ఆమె పథకము వచ్చెను. ప్రతి ఆసుపత్రియు ఒకే తీరు గళ్ళలో లెక్క వ్రాయవలెనని దాని సారాంశము: సంవత్సరారంభమున ఉన్నవారు, చేరినవారు, నయమై వెళ్ళినవారు, నయము కాకయే వెళ్ళినవారు, మరణించినవారు, మిగిలినవారు. నేడు ప్రతి వార్డులోను రాత్రి డ్యూటీ నర్సు నింపు పట్టిక ఇంచుమించు ఇదియే.

ఆమె మన దేశమున అడుగిడలేదు. అయినను 1859లో ఏర్పడిన రాజసంఘము కొరకు ఇచ్చటి దండులనుండి లిఖితముగ సమాధానములు తెప్పించి చదివెను. మన సికందరాబాదు దండు సంగతియు అందులో కలదు. ఈ దేశములోని ఆంగ్ల సైనికులలో ఏటేట వేయింటికి 69 మంది మరణించుచుండిరని 1863 నివేదిక చాటెను. ఒక్క రోగినైనను చూడకుండ, కాగితములు చూచియే సాధించిన వైద్యమిది.

ఇక మన ఊళ్ళకు వత్తము. కాన్పు చేసిన మంత్రసాని గాని నర్సు గాని ఆ జననమును తెలియజేయవలెనని 1969 నాటి జనన మరణ నమోదు చట్టము విధించెను. పల్లెలలో ఎ.ఎన్.ఎం.కు పడక వేరు, పుస్తకము వేరు కావు. తొలికాన్పునకు తల్లిగారింటికి పోవుట మన ఆచారము. గర్భిణి పేరు అత్తవారి ఊరి ఉపకేంద్రములో ఒకటి, తల్లిగారి ఊరిలో మరొకటి. ఇంటిపేరు మారును, పిలుపుపేరు మారును. ఉట్నూరు, జైనూరు గోండు గూడెములలో గోండీ పేరును తెలుగు లిపిలో వ్రాయునప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తీరగును. అందుచేత ఒక తల్లి ఇద్దరుగా లెక్కకు రావచ్చును, రెండు పుస్తకముల నడుమ జారిపోనువచ్చును. ఆమె చేయి పట్టి నాడి చూచిన మనిషికే ఇద్దరును ఒక్కరని తెలియును.

జిల్లా ఆసుపత్రి రికార్డుల గదిలోను ఇదే న్యాయము. మరణకారణము "గుండె ఆగుట" అని వ్రాసిన కేసు షీటు వచ్చినదనుకొందము. గుండె ఆగని మరణము ఎక్కడిది? వట్టి గుమాస్తా ఆ మాటను ఉన్నదున్నట్లు ఎక్కించి ప్రక్కన పెట్టును. వార్డు ఎరిగిన నర్సు వెనుక పుటలు త్రిప్పును. మూడు దినముల క్రిందటి కాన్పు, పడిపోవుచున్న రక్తపు పోటు, ఎక్కించిన రక్తము ఆమె కంటబడును. ఆమె వెంటనే డాక్టరుగారి కడకు పోయి అడుగును. ఆయన సరిదిద్దినచో అది ప్రసూతి మరణముల లెక్కలో చేరును. లేనిచో ఆ తల్లి గుండెజబ్బు మనిషియై మిగులును. ఆమె గూడెమునకు రక్తనిధి ఎంత దూరమను ప్రశ్నయే పుట్టదు.

2022 మార్చిలో మునుపటి కరీంనగరు జిల్లాలోని రాజన్న సిరిసిల్లలోను, ములుగులోను ఇంటింటి ఆరోగ్య వివరముల సేకరణ ఆరంభమాయెను. ఎ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు 18 ఏండ్లు నిండినవారి రక్తపు పోటు, చక్కెర పరీక్షించి, వివరములను యంత్రములోనికి ఎక్కించిరి. నేతపని ఊరిలో మగ్గము ఆపి చేయి చాచినవారికి అది పరీక్ష. వచ్చినవారికి సగము పరీక్ష, సగము వ్రాత.

ఇచ్చట ఒక మాట దాచరాదు. నైటింగేలు గళ్ళను కొన్ని లండను ఆసుపత్రులు కొంతకాలము వాడి, శ్రమ అధికమని విడిచెను. ఆ శ్రమ నేటికిని తీరలేదు. సూది వేయు చేయియే పుస్తకము వ్రాయవలెను, అదే సంగతిని మరల యంత్రములోను ఎక్కించవలెను. వ్రాతపనికి వేరుగ మనిషి ఉండవలెనని నర్సులు కోరుట సోమరితనము కాదు. ఆ మనిషి నర్సు పని ఎరిగినవారు కావలెనని మా అభిప్రాయము.

ఆదిలాబాదు గోండు, కొలాము కుటుంబములలో కొడవలి కణ రక్తహీనత తరతరములుగ వచ్చుచున్నది. 2023 జులై 1న మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షించినవారికి ఫలితము తెలుపు కార్డు ఇచ్చుచున్నారు. తల్లిదండ్రులిరువురును ఆ లక్షణమును మోయువారైనచో బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. పెండ్లిమాటలనాడు ఇరువైపులవారు ఆ కార్డులు తెచ్చి చూపినప్పుడు, దాని మీది అక్షరములు చదివి వివరించుటకు మరల ఆ నర్సునే పిలుచుకొందురు.