పెరట్లో ఈతకొలను ఉందా? ధ్రువపత్రం తప్పనిసరి!

ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో పెరటి ఈతకొలను ఉన్న ఇంటిని అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా భద్రతా ధ్రువపత్రం ఉండాల్సిందే. 2016 ఏప్రిల్ 29 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. సిడ్నీ శివార్లలో సొంతిళ్లు కొంటున్న తెలుగు కుటుంబాలకూ, మనవల కోసం అక్కడికి వెళ్లే ఇక్కడి పెద్దలకూ ఇది తెలిసి ఉండవలసిన విషయం.

దీనికి మూలం 1992 నాటి ఈతకొలనుల చట్టం. యజమాని ముందుగా కొలనును ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టరులో నమోదు చేయాలి. ఆ తరువాత స్థానిక కౌన్సిల్ అధికారి గానీ, అర్హత పొందిన ప్రైవేటు తనిఖీదారు గానీ వచ్చి పరిశీలిస్తారు. అంతా సక్రమంగా ఉంటే ఇచ్చే ధ్రువపత్రం మూడేళ్లు చెల్లుతుంది. 30 సెంటీమీటర్లకు మించి నీరు పట్టే గాలి కొలనుకు సైతం కంచె తప్పదు. బజారులో కొని తెచ్చిన ప్లాస్టిక్ తొట్టే కదా అని ఉపేక్షిస్తే చిక్కే.

తనిఖీలో ప్రధానంగా చూసేది కంచెనే. దాని ఎత్తు 1.2 మీటర్లకు తగ్గరాదు. అడుగున సందు 10 సెంటీమీటర్లు మించరాదు. గేటు కొలను వైపు కాక బయటికి తెరుచుకోవాలి. ఎంత తెరిచి వదిలినా తనంత తానుగా మూసుకుని గడియ పడాలి. స్ప్రింగు సడలి గేటు ఓరగా నిలిచిపోతే ఆ ఇల్లు తనిఖీలో తప్పినట్లే. ప్రాణాపాయంలో చేయవలసిన ప్రథమ చికిత్సను తెలిపే బోర్డు కూడా కొలను దగ్గర కనిపించాలి.

కంచె బాగున్నా దాని పక్కన పెట్టిన వస్తువులు ముప్పు తెస్తాయి. పూలకుండీ, కుర్చీ, బట్టల బుట్ట వంటివి పసివాడికి మెట్లవుతాయి. అందుకే కంచె చుట్టూ 90 సెంటీమీటర్ల మేర ఎక్కడానికి వీలైనదేదీ ఉండరాదన్నారు. మన ఇళ్లలో కుండీలను గోడ వారగా పేర్చడం, గాలి కోసం గేటుకు రాయి అడ్డం పెట్టడం అలవాటే. అక్కడ ఆ రెండూ నిబంధనలకు విరుద్ధం. నీట పడిన పసిబిడ్డ చాలాసార్లు కేక కూడా వేయలేడు. వంటింట్లో ఉన్నవారికి చప్పుడే వినిపించదు.

లోపాలుంటే తనిఖీదారు రాతపూర్వకంగా తెలియజేస్తారు. లోపాలతోనే ఇంటిని అమ్మే వీలు లేకపోలేదు. అయితే లోపాల పత్రాన్ని ఒప్పందానికి జతపరచాలి. కొన్నవారు 90 రోజుల్లో వాటిని సరిచేయించుకోవాలి. తక్కువ ధరకు వచ్చిందని మురిసేవారు కంచె మరమ్మతు ఖర్చును ముందే లెక్కవేసుకోవడం మేలు. అద్దె ఇళ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

1990 ఆగస్టుకు ముందు కట్టిన కొన్ని కొలనులకు వేరే ప్రమాణాలు వర్తిస్తాయి. పొరుగున ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ధ్రువపత్రాన్ని నాలుగేళ్లకోసారి సమర్పించాలి.